మామయ్య సముద్రం

మామయ్య పోయారని ఫోను వచ్చినప్పుడు నేను దుకాణంలో కాలిపోయిన మోటారుకి కొత్త తీగ చుడుతున్నాను. పొద్దున్నే పొలానికి వెళ్ళి గట్టు మీద కూర్చున్నారట. కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒరిగిపోయారట. "కునుకు తీస్తున్నారనుకున్నామండీ" అన్నాడు ఫోను చేసిన పక్క పొలం రైతు. మాన్వి నుంచి మా క్యాంపుకి బండి మీద వెళ్తున్నంతసేపూ నాకు ఏడుపు రాలేదు. సిగ్గేసింది. చావు కబురు విని సిగ్గుపడటమేమిటని మీరు అనుకోవచ్చు. అది చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

ఈ కన్నడ సీమకి తుంగభద్ర కాలువ వచ్చిన కొత్తలో కోస్తా నుంచి వచ్చినవాళ్ళు గుడిసెలు వేసుకున్న చోటుని క్యాంపు అన్నారు. గుడిసెలు పోయి మేడలు లేచినా ఆ పేరు మాత్రం పోలేదు. మామయ్య మా అమ్మకి తమ్ముడు. నాన్న పోయాక నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని మాన్వి బడిలో దించింది ఆయనే. చదువు నా వంటికి పడదని తేలాక మోటార్ల పనిలో పెట్టించిందీ ఆయనే. దారి పొడుగునా ఏదో ఒకటి చెప్తూనే ఉండేవారు. చెప్పేదంతా సముద్రం గురించే.

వాళ్ళ ఊళ్ళో ఇంటి వెనకాలే సముద్రమట. పడుకుంటే అలల చప్పుడుకి మంచం ఊగేదట. పెరటి గుమ్మం దాకా నీళ్ళొచ్చి రుబ్బురోలు తడిపి వెళ్ళేవట. పొద్దున్నే సూర్యుడు నీళ్ళలోంచి తడి తడిగా లేచి, వాళ్ళ పెరట్లో ఆరేవాడట. కాలువ నీళ్ళ వంతు కోసం గట్టు మీద కాపలా ఉండి అందరం విసుక్కుంటుంటే, "నీళ్ళ పక్కన పుట్టినోణ్ణి, నాకు తొందరేవిటిరా" అనేవారు. ఆ మాటలు విని మా అమ్మ నవ్వేది. అవునని గానీ కాదని గానీ అనేది కాదు.

ఆ సముద్రమే ఆయనకి పెళ్ళి చేసింది. క్యాంపుల్లో అప్పట్లో పిల్లని కోస్తా నుంచే తెచ్చుకునేవారు. మామయ్య మాత్రం దేవదుర్గ దగ్గరి మెట్ట పల్లెలో, వానకోసం ఆకాశం వంక చూసే ఇంట్లో, ఇక్కడి అమ్మాయినే చేసుకుంటానని పట్టుబట్టారు. క్యాంపంతా ముక్కున వేలేసుకుంది. పెళ్ళిచూపుల్లో ఆమె తండ్రి "మీది ఏ దిక్కు?" అని అడిగితే, "సముద్రం ఒడ్డండీ" అన్నారట. తాగేనీళ్ళకే కోసులు నడిచే ఇంట్లో ఆ మాట ఎంత పెద్దదో ఊహించుకోండి. పెళ్ళయ్యాక మామయ్య నులక మంచం మీద కూర్చుని అత్తకి సముద్రం చెప్తూ ఉంటే ఆమె బియ్యం ఏరుకుంటూ "మల్లేమాయె?" అనేది. పిల్లలు లేని ఆ ఇంట్లో ఎప్పుడు వెళ్ళినా నాకు వినిపించిన మాటలవే.

వాళ్ళ పెళ్ళయి నలభై ఏళ్ళు నిండిన ఏడాది నేను కారు కొన్నాను. కొత్త కారు కొన్నవాడు ఊరికే కూర్చోలేడు కదా. "పెళ్ళిరోజు పూట మిమ్మల్ని సముద్రం ఒడ్డంట తిప్పుకొస్తాను, గోకర్ణం నుంచి మురుడేశ్వరం దాకా" అన్నాను. అత్త మొహం వెలిగిపోయింది. మామయ్య ఆ చేను కోతకొచ్చిందన్నారు, గేదె ఈనుతుందన్నారు, మోకాళ్ళు నొప్పులన్నారు. ముసలాయన మొహమాటపడుతున్నాడనుకుని నేను ఇంకా బలవంతం చేశాను. క్యాంపులో నలుగురి ముందూ కారు తుడుస్తూ ఆ సంగతి గట్టిగా చెప్పాను. ఇక ఆయనకి తప్పించుకునే దారి లేకుండా పోయింది.

సింధనూరు, గంగావతి, హుబ్బళ్ళి దాటి ఎల్లాపురం అడవి దగ్గర టీకి ఆగాం. అత్త రోడ్డవతల జామకాయలు బేరమాడుతోంది. మామయ్య నన్ను కారు చాటుకి లాక్కెళ్ళారు.

"ఒరేయ్, నేను సముద్రం చూళ్ళేదురా."

నాకు అర్థం కాలేదు.

"ఎప్పుడూ చూళ్ళేదు. మా అమ్మ ఒళ్ళో ఉండగా లారీ ఎక్కించి ఇక్కడికి తీసుకొచ్చేశారు. అయినా మా ఊరికి సముద్రం ఎక్కడిదిరా, బండి కట్టుకుని పొద్దంతా పోవాలి. పెళ్ళిచూపుల్లో ఏదో నోటికొచ్చింది, అనేశాను. అదలా పెరిగిపోయింది. మీ అత్తకి తెలిస్తే నేను బతకలేను. నువ్వే కాయాలి."

ఆ పెద్దమనిషి నా చెయ్యి పట్టుకుని అలా బతిమాలుతుంటే నాకే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సరేనన్నాను. జామకాయలు తెచ్చిన అత్త ఆయన మొహం చూసి, "ఏందయ్యా, అడవి మలుపులకు తల తిరిగిందా?" అని నీళ్ళ సీసా ఇచ్చింది. అక్కణ్ణుంచి ఇద్దరం కలిసి ఆమెను మోసం చేస్తూ వెళ్ళాం.

గోకర్ణంలో సముద్రం మొదటిసారి కనిపించినప్పుడు మామయ్య చెప్పులు విడిచి చేత్తో పట్టుకున్నారు. అత్తే మాట్లాడింది. అలలు వచ్చి వెనక్కి పోవడం కాసేపు చూసి, "ఏంది, దీనికి గూడ వంతులున్నయా? గేటు యాడుంటదయ్యా?" అంది. ఆటపట్టిస్తోందో, నిజంగానే అడుగుతోందో నాకు తెలియలేదు. మామయ్య పంచె పైకి దోపుకుని పాతకాపులా నీళ్ళలోకి నడవబోయారు. అల వెనక్కి వెళ్తూ పాదాల కింది ఇసుక లాగేసింది. చీలమండ లోతు నీళ్ళలో ఆయన బెదిరిపోయి అత్త చెయ్యి పట్టేసుకున్నారు. నా ఎదుట వాళ్ళిద్దరూ ఎప్పుడూ అలా చేతులు పట్టుకోలేదు. నేను గబగబా అటు తిరిగి ఫోను చూసుకున్నట్టు నటించాను.

మర్నాడు పెళ్ళిరోజు. చీకటి ఉండగానే మామయ్య మమ్మల్ని లేపారు. ఏది అబద్ధమైనా ఇదొక్కటైనా నిజం చెయ్యాలని ఆయన ఆశ. అత్తకి సూర్యుణ్ణి నీళ్ళలోంచి లేపి చూపించాలి. ఆమె తలారా స్నానం చేసి, పెళ్ళిరోజుకని కొన్న పట్టుచీర కట్టుకుంది. మామయ్య రాగిచెంబుతో నీళ్ళు తెచ్చుకున్నారు. ముగ్గురం సముద్రానికి ఎదురుగా నిలబడ్డాం. ఆయన దోసిట్లో నీళ్ళు పట్టుకుని, నీళ్ళూ ఆకాశమూ కలిసే చోటుకేసి చూస్తూ ఉన్నారు.

మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. మాకు కాలేదు. మ్యాపు చూసుకుంటూ కారు నడిపిన నాకు కూడా, ఆ ఒడ్డున సముద్రం పడమటి వైపు ఉంటుందన్న సంగతి తట్టలేదు. చిన్నప్పటి నుంచి నా బుర్రలో ఉన్నది మామయ్య సముద్రమే. అందులో సూర్యుడు లేస్తాడు, అంతే.

వెలుగు వచ్చింది. వెనక నుంచి వచ్చింది. మా ముగ్గురి నీడలూ పొడుగ్గా సాగి వెళ్ళి అలల మీద పడ్డాయి. వల సర్దుకుంటున్న జాలరి ఒకతను చూసి నవ్వాడు. "అజ్జా, సూర్య హిందె ఇద్దానె, నోడి!" అన్నాడు. సూర్యుడు వెనకున్నాడు, చూడు తాతా అని. పక్కనున్నవాళ్ళు కూడా నవ్వారు. మామయ్య చెవులు ఎర్రబడ్డాయి. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి. ఆయన నావైపు చూశారు. కాయమని అడిగిన మనిషి చూపు అది.

నేను కాశాను. "చలికాలం కదత్తా, ఈ రోజుల్లో ఇంతే. ఎండాకాలమైతే ఇటే లేస్తాడు" అన్నాను.

ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నాలుక కరుచుకుంటాను. చిన్నపిల్లలు కూడా నమ్మని మాట. అత్త నా మొహంలోకి ఒక్క క్షణం చూసింది. "గట్లనా" అంది. మామయ్య మెల్లగా సముద్రానికి వీపు తిప్పి, కొబ్బరిచెట్ల పైకి వచ్చిన సూర్యుడికి మిగిలిన నీళ్ళు వదిలారు.

మురుడేశ్వరం దాకా దారంతా పక్కనే సముద్రం. మామయ్య ఆ వైపు అద్దం దించలేదు. అత్త ఒక్కతే మాట్లాడింది, పడవల గురించి, చేపల బుట్టల గురించి. ఇంటికొచ్చాక ఆయన మునుపటిలాగే పొలానికి వెళ్ళారు, నా దుకాణానికొచ్చి టీ తాగారు, మోటార్ల ధరలు అడిగారు. సముద్రం మాట మాత్రం ఎత్తలేదు. క్యాంపులో ఎవరైనా "ఎలా ఉంది మీ సముద్రం?" అని అడిగితే గేదెకి గడ్డి వెయ్యాలని లేచి వెళ్ళిపోయేవారు. పోయేదాకా అంతే.

మామయ్య కర్మ రోజున అత్త నన్ను వంటింట్లోకి పిలిచింది. క్షమించమని అడగాలనుకున్నాను గానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఆమే మొదలుపెట్టింది.

"నాకు ఎర్కనేరా. కాపురానికొచ్చిన కొత్తలనే మీ అమ్మ చెప్పింది. మా తమ్ముడు సముద్రం చూడలేదు, గిట్లనే కోతలు కోస్తడు, పట్టించుకోకు అని."

"మరి ఎప్పుడూ అనలేదేం అత్తా?"

"ఏమనాలె? పొద్దంత బురదల పనిచేసొచ్చి, మంచంల కూసోని, నాకోసరం ఒక సముద్రం తయారుజేస్తుండె. కాదంటే నాకేమొస్తది?" అంటూ గిన్నె పక్కకి జరిపింది. "గోకర్ణం నుంచి ఇంటికొచ్చినంక నన్నడిగిండు. సూర్యుని సంగతి వాడు జెప్పింది నమ్మినవా అని. నమ్మిన అన్న. ఆయన ఖుషీ అయితడనుకున్న. నమ్మిన అన్నంక ఇంకా సిగ్గువడ్డడు. ఇగ నోరే తెరవలే. నువ్వు మంచికే తీస్కపోయినవురా. గానీ నా ఇంట్ల సముద్రం అక్కడనే ఉండిపాయె."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. నా చేతిలో మంచినీళ్ళ గ్లాసు పెట్టి బయటికి నడిచింది. సిగ్గుతో చచ్చిపోవడం అనే మాట ఎన్నోసార్లు వాడాను. దాని అర్థం ఆ వంటింట్లో తెలిసింది.

బయట చాప మీద దేవదుర్గ నుంచి వచ్చిన ఆమె అన్న కోడళ్ళు, క్యాంపు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఏదో ఒకటి మాట్లాడాలని కాబోలు, ఒక కోడలు అడిగింది. "సముద్రం చూసొచ్చిండ్రంట గదత్తా, మామ సంబురపడిండా?"

నేను గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాను. అత్త చాప మీద కూర్చుని కొంగు సర్దుకుంది.

"సంబురమా? ఆగలేదు పో. కారు దిగుడే ఆలస్యం, ఉరికిండు. మొలదాక పాయె, ఛాతిదాక పాయె. నేను ఒడ్డుమీద నిలవడి మొత్తుకుంటున్న, సాలు ఎనకకు రావయ్యా అని. నా ఊరి నీళ్ళేనే, నన్నేం జేస్తయి అనుకుంట ఇంకా లోపటికే పాయె."

ఆడవాళ్ళు ముక్కు మీద వేలేసుకుని వింటున్నారు. ఈ కథ మామయ్య ఎప్పుడూ చెప్పింది కాదు. ఆమె అప్పటికప్పుడు కడుతోంది. ఒక కోడలికి నమ్మకం కలగనట్టుంది. అత్త నావైపు తిరిగింది. "అడుగుండ్రి, వీడు గూడ ఉండె. ఎంతదాక పోయిండురా మీ మామ?"

నేను తలెత్తలేకపోయాను. "మెడదాకా వెళ్ళారు" అన్నాను.

"ఆఁ, మెడదాక" అంది అత్త. ఆ పొద్దునే పుస్తెలు తీసేసిన బోసి మెడ మీద అరచెయ్యి అడ్డంగా పెట్టి, నీళ్ళు ఎక్కడి దాకా వచ్చాయో వాళ్ళకి చూపిస్తూ ఉండిపోయింది.