జ్వరం రాని టీకా

మా అక్క దేన్నైనా చెయ్యేసి చూస్తేగానీ నమ్మదు. పెళ్ళైన దగ్గర్నుంచీ బేకరీ నడుపుతోంది కాబట్టి ఆ జబ్బు ముదిరిందే తప్ప తగ్గలేదు. ఈస్ట్ కలిపి మూత పెట్టిన పిండి మీద అరచెయ్యి ఆనించి, అది వెచ్చగా పొంగుతుంటేనే లోపల పని జరుగుతోందని ఒప్పుకుంటుంది. చల్లగా తగిలిందా, ఈస్ట్ చచ్చిందని తీర్పు చెప్పేసి, అమ్మినవాణ్ణి ఫోన్లో ఉతికి ఆరేస్తుంది. నేను ఆవిడ తమ్ముణ్ణి, గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాను. కూర్చోవడం కూడా ఒక పనేనా అని ఆవిడ అభిప్రాయం. ఆవిడ వినకుండా నేను ఆవిణ్ణి థర్మామీటర్ అంటాను.

ఈ థర్మామీటర్‌కి మనవరాలు పుట్టింది. నా మేనకోడలికి నెలలు నిండకుండానే కాన్పయింది. పిల్ల మా షాపులో అమ్మే పెద్ద బ్రెడ్డు కంటే కాస్త పెద్దది, అంతే. చాలా రోజులు ఆస్పత్రిలో అద్దాల పెట్టెలోనే ఉంది. తల్లీపిల్లా షాపు మీద గదుల్లోకి వచ్చిన కొన్నాళ్ళకి మొదటి టీకాల వేళయింది. తొందరపడి పుట్టిన పిల్ల కదా, ఇంకొన్నాళ్ళు ఆగి వేయిస్తే కొంపలేమైనా మునుగుతాయా అని అక్క సణిగింది. ఆగక్కర్లేదు, పుట్టిన రోజు నుంచే లెక్క, మోతాదు కూడా అందరు పిల్లలకీ ఇచ్చేదే అని డాక్టరు చెప్పాడు. సరే, వేయించారు.

అసలు గొడవ అక్కడ మొదలైంది. పిల్లకి జ్వరం రాలేదు.

మా మేనకోడలికి చిన్నప్పుడు టీకా వేస్తే ఒళ్ళు పెనంలా కాలిపోయేదట. దాన్నే అక్క టీకా పట్టడం అంటుంది. ఇప్పుడు పిల్ల నుదురు, మెడ, పొట్ట, ఆఖరికి అరికాళ్ళు కూడా తడిమి చూసింది. పిల్ల చల్లగా, హాయిగా నిద్రపోతోంది. నీళ్ళు పొడిచి పంపారని అక్క తేల్చేసింది. పైగా, పిట్టంత పిల్లని ఉత్తపుణ్యానికి పొడిపించడానికి రెండోసారి తీసుకెళ్ళనిచ్చేది లేదని భీష్మించుకు కూర్చుంది. మేనకోడలు పిల్ల పక్కనే కూర్చుంది. ఆ టీకా ఆపాల్సిన కోరింత దగ్గు అప్పటికే పక్క వీధి పిల్లల్లో తిరుగుతోంది.

అక్క ఆరోగ్య కేంద్రానికి బయల్దేరింది. ఒక్కతే వెళ్తే అక్కడి నర్సు ఏమైపోతుందోనని నేనూ వెంటపడ్డాను. నర్సుకి మాత్రం భూదేవంత ఓర్పు. ముందుగా పుట్టిన పిల్లల్లో చాలామందికి జ్వరం రాదనీ, రానంతమాత్రాన లోపల పని జరగనట్టు కాదనీ చెప్పింది. కొందరిలో రోగాన్ని ఎదుర్కొనే బలం కాస్త తక్కువగా వస్తుంది, అందుకే మిగతా మోతాదులు అస్సలు తప్పకూడదంది. అంత చిన్న ఊపిరితిత్తులు కోరింత దగ్గుని తట్టుకోలేవు, ఎత్తుకునే పెద్దవాళ్ళు కూడా టీకా వేయించుకుంటే మంచిదని చెప్పి, ఇంతకీ మీరు వేయించుకున్నారా అని అడిగింది. నోరు తెరిస్తే మూయని మా అక్క, గోడ మీది బొమ్మలు చూడసాగింది.

ఆ సంగతి ఇంటికి మోసింది నేనే. లేకపోతే నాకు అన్నం అరుగుతుందా? మేనకోడలు మెత్తగానే చెప్పింది, అమ్మ టీకా వేయించుకుని రెండు వారాలు ఆగేదాకా పాపని ఎత్తుకోవద్దని. అక్కకి తిక్క రేగింది. నిన్ను కన్నది నేను, నాకే నీతులా అని అలిగి కిందకి దిగిపోయింది. రెండు రోజులు మళ్ళీ మెట్లెక్కలేదు. తర్వాత ఒక పొద్దున్న బన్నులు మాడ్చింది. ఆవిడ చేతిలో బన్నులు మాడటం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఆ మధ్యాహ్నమే వెళ్ళి పొడిపించుకొచ్చింది.

ఇక చూడాలి ఆవిడ అవస్థ. ఆవిడకీ జ్వరం రాలేదు. కనీసం చెయ్యి కూడా నొప్పి పుట్టలేదు. ఒక చేత్తో నుదురు పట్టుకుని, రెండో చేత్తో పిండి కలిపేది. నన్ను చెయ్యేసి చూడమనేది. నా మాట మీద గురి లేక, బ్రెడ్డు కోసం వచ్చిన పోస్ట్‌మాన్ చేత కూడా చూపించుకుంది. కాస్త ఓవెన్‌కి దగ్గరగా నిలబడక్కా, అదే వచ్చేస్తుంది అన్నాను. పిండి చేత్తోనే వీపు మీద ఒక్కటిచ్చింది.

గడువు తీరింది. మేనకోడలు పాపని కిందకి తీసుకొచ్చి, ఎత్తుకోమని అక్కకి అందించబోయింది. ఇన్నాళ్ళూ గుమ్మంలో నిలబడి మెడ చాచి చూసిన మనిషి, రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. నాకు నవ్వొచ్చింది. అక్క ముఖం చూశాక నోరు మూసుకున్నాను. కళ్ళ నిండా నీళ్ళు.

"నాకు పట్టలేదే" అంది. "నా వల్ల దానికేమన్నా అయితే నేను బతకను. వద్దు, తీసుకెళ్ళు."

మేనకోడలు కదల్లేదు.

"పాపకీ పట్టలేదన్నావు కదమ్మా. నువ్వు ఆ మాటన్న దగ్గర్నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. ఊపిరి తీసుకుంటోందా లేదా అని దాని పక్కనే కూర్చుని వింటున్నాను. నర్సు మాట పట్టుకుని ఎలాగో నిలబడ్డాను. నువ్వు కూడా నమ్మితే, నేను కాసేపు పడుకుంటాను."

అక్క కూతురి ముఖంలోకి చూసింది. తర్వాత చేతులకున్న పిండి శుభ్రంగా కడుక్కుని వచ్చి, పాపని తీసుకుని భుజాన వేసుకుంది. మేనకోడలు పిండి బస్తాల పక్కనున్న కుర్చీలో కూలబడి, కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది. అక్క ఆ నిద్ర చెడకుండా నా దగ్గరికి వచ్చి, గుసగుసగా అడిగింది.

"రెండో టీకా ఎప్పుడురా? ఆ రోజు షాపు నువ్వు చూసుకో. పాపని నేనే తీసుకెళ్తాను. అమ్మాయిని పడుకోనీ."