ఆయా ఒంటిపై తీర్పు

ఎముకల వార్డులో రెండేళ్లు పనిచేసిన ఒక ఆయాను, ఒళ్లు లావుగా ఉందన్న ఒకే ఒక్క కారణంతో ఆస్పత్రి యాజమాన్యం పనిలోంచి తీసేసింది. ఆమె వయసు ఇరవై మూడు.

తుంటి విరిగిన రోగిని పక్కకు తిప్పాలంటే ముందు ఆమెనే పిలిచేవారు. ఒక చెయ్యి నడుము కిందికి, ఒక చెయ్యి తొడల కిందికి పోనిచ్చి ఆమె తిప్పితే రోగి మూలిగేవాడు కాదు. తోటి ఆయాలు ఆమెను 'క్రేను' అనేవారు. ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే అంతకన్నా చెడ్డ పేరు పెడతారని తెలుసు.

ఇంట్లో అక్కాచెల్లెళ్లిద్దరిదీ ఒకే కుండ కూడు. అక్క పుల్లలా ఉండేది. అక్క విడిచిన బట్టలు ఈమెకు ఏనాడూ పట్టలేదు. తల్లి అక్కకు రెండు గరిటెలు, ఈమెకు ఒకటి వడ్డించేది. కడుపు కాలుతున్నా ఈమె చెయ్యి కడుక్కునేది. "గాలి పీల్చినా ఒళ్లొస్తుందే నీకు" అని తల్లి నిట్టూరిస్తే, "నేను తిన్నది కూడా దానికే అంటుకుంటోందమ్మా" అని అక్క అందించేది.

ఉద్యోగం పర్మినెంటు చేయాల్సిన సమయంలో మేనేజరు ఆర్నెల్లు గడువిచ్చి, ఒళ్లు తగ్గితేనే చూస్తానన్నాడు. ఆమె ఒంటిపూట తిండికి దిగింది. కొంత తగ్గింది, తగ్గినదంతా తిరిగొచ్చింది. ఆ రోజుల్లోనే, యువతలో స్థూలకాయం మీద పరిశోధన చేస్తున్న ఆ ఆస్పత్రి డాక్టరమ్మ, ఒప్పుకున్న సిబ్బంది రక్తాన్ని పరీక్షించింది. ఈమెను కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది: జన్యువుల్లో చిన్న తేడా ఉంది; కడుపు నిండిందన్న కబురు మెదడుకు ఆలస్యంగా చేరుతుంది; అందుకే లావయ్యే అవకాశం ఇతరులకన్నా ఎక్కువ. అవకాశమే తప్ప తలరాత కాదు. "ఇందులో నీ తప్పేం లేదమ్మా."

పుట్టి బుద్ధెరిగాక ఆ మాట ఆమెతో అన్నవారు లేరు. ఆమె సంతోషం పట్టలేకపోయింది. తల్లికి చెప్పింది, వార్డంతా చెప్పింది, ఆఖరికి మేనేజరు గదికి తనంతట తానే వెళ్లి చెప్పింది.

ఆయన శ్రద్ధగా విన్నాడు. "అంటే పుట్టుకతోనే వచ్చిందన్నమాట. ఇంక తగ్గదుగా?"

"తగ్గదని కాదు సార్. కష్టమన్నారు."

"మరి ఆర్నెల్లు నిండేదాకా ఆగడం దేనికమ్మా? నీకూ దండగ, మాకూ దండగ."

మర్నాటి నుంచి రావద్దన్నారు. ఆమె డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తింది. పరిశోధన ఫలితాలను ఉద్యోగ వ్యవహారాల్లో వాడకూడదని, కనుక తాను కల్పించుకోలేనని ఆవిడ అంది. వాడినవాడితో మాత్రం ఆ ముక్క అనలేదు.

ఇప్పుడు ఇంకో ఆస్పత్రిలో అడుగుతానంటే తల్లే వారిస్తోంది. "ఎక్కడికెళ్లినా ఈ ఒళ్లే కదే నీతో వచ్చేది." ఆమె ఎదురు చెప్పడం మానేసింది. మేనేజరు మాట ఇంట్లోనూ నెగ్గింది.

మేనేజరు గారూ, అవకాశమన్న మాటను తీర్పుగా మార్చే అధికారం మీకు ఎవరిచ్చారు? రెండేళ్లలో ఆమె చేయలేకపోయిన పని ఒక్కటి చూపండి. చూపలేకపోతే ఆమెను తిరిగి తీసుకోండి, పర్మినెంటుగా. డాక్టరు గారూ, గదిలో ఆమెతో అన్న మాటను యాజమాన్యం ఎదుట నిలబడి అనండి.