గళ్ళ వెనక మాటలు

పోయిన వారం కొత్త ఫోన్ కొన్నాను. పెట్టెలోంచి తీసి పక్కనున్న మీట నొక్కినానో లేదో, ఏ భాష కావాలని అదే అడిగింది. వేలితో తోస్తా పోతే అరబ్బీ, ఉర్దూ, బెంగాలీ, నాకు తెలియని ఇంకా ఏవేవో లిపులు, వాటి నడుమ 'తెలుగు' అని గుండ్రంగా, మర్యాదగా కూర్చోనుంది. ఆ గుండ్రటి అక్షరాల కోసం ఒకప్పుడు జెద్దా పాతబజారు బలద్‌లో ఒక పూటంతా గుండె చేత్తో పట్టుకోని కూర్చున్నవాణ్ణి నేను. ఇంత సులువుగా దొరికితే సంతోషపడాల గదా, నాకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే మంచం కింది ట్రంకుపెట్టె లాగి, అడుగున తువ్వాలులో చుట్టిపెట్టిన పాత ఫోన్ తీసినాను. ఎట్లాగూ పెట్టె సర్దాల్సిన రోజులే ఇవి. ఎందుకో చివర్లో చెప్తాను.

నాకు అక్షరాలు నలభై దాటినాక వచ్చినాయి. సిగ్గుపడి చెప్పడం లేదు, గొప్పకూ చెప్పడం లేదు. కడప జిల్లాలో మా ఇంట్లో మాట తెలుగు, నమాజుకు అరబ్బీ. చదువు మాత్రం రెండిట్లోనూ లేదు. జెద్దాకు ఇంటి డ్రైవరుగా వచ్చిన కొత్తలో మా గదిలో ఏడుగురం. మా ఊరి దిక్కు ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉండేవాడు, నాకు అన్న వరస. గదికొచ్చే ఉత్తరాలన్నీ ఆయనే చదవాల. శుక్రవారం జుమా నమాజు చేసి, అన్నాలు తిని, చాపల మీద కూర్చుంటే ఆయన గొంతు సవరించుకునేవాడు. ఎవరి పెండ్లాం రాసినా ఏడుగురమూ వినాల్సిందే. నా భార్య ఐదో తరగతి చదివింది, వరినాట్లు వేసినట్టు వరుస తప్పకుండా రాసేది. బర్రె ఈనిందని ఆమె రాస్తే ఆయన నోట్లో పడి అది నాటకం పద్యమయ్యేది. ఒకసారి చదువుతా చదువుతా ఆగి, ఒక వరుస దాటేసి కిందికి పోయినాడు. ఆయన కండ్లనే చూస్తాండాను గాబట్టి పట్టుకున్నాను. "ఏందన్నా, దాటేసినావు?" అంటే, "నీకు మాత్రమే రాసిందిలేరా" అన్నాడు. గదంతా ఈలలు. నాకు మాత్రమే రాసిన మాట నాకు తెలీదు, ఆయనకు తెలుసు. మరుసటి రోజే ఆయన ముందర కూర్చోని 'అ' దిద్దినాను, నీళ్ళ సీసాలొచ్చే అట్టపెట్టెల మీద, బాల్‌పెన్నుతో. కూడబలుక్కోని చదవడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ దాటేసిన వరుస చదువుకున్నాను. అది ఇక్కడ రాయను. తీరా నాకు చదవడం వచ్చేసరికి అందరికీ సెల్‌ఫోన్లు వచ్చి, ఉత్తరాలు రావడం ఆగిపోయింది.

ఫోన్ మాట్లాడటం అంటే మాకు శుక్రవారమే. వేరే రోజు చేస్తే ఎవరో పోయినారనుకోని ఆడవాళ్ళు ఏడుపు మొదలుపెడతారు. ఆ ఒక్క రోజూ ఇంట్లో ఉన్నది ఒకటే ఫోన్, దాన్ని స్పీకర్లో పెట్టి మంచం మీద ఉంచితే చుట్టూ మా అమ్మ, తమ్ముళ్ళు, మరదళ్ళు, పిల్లలు. నా భార్య వంతు ఆఖర్న. "తిన్నావా?" "తిన్నా." "ఆరోగ్యం?" "బాగుంది." అంతే సంసారం. అట్లాంటిది ఒకరోజు నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. మా ఇంటి ఫోన్ పాత మీటల రకమే, మన దేశంలో కొన్నది కాబట్టి తెలుగు వస్తుంది. నాదేమో పెద్ద తెరది, బలద్‌లో కొన్నది. అరబ్బీ వస్తుంది, ఇంగ్లీషు వస్తుంది. తెలుగు దగ్గరికొచ్చేసరికి గళ్ళు. చిన్న చిన్న నలుచదరపు గళ్ళు, వరుసగా, తెరనిండా. ఎవరో చెప్తే తెలిసింది, అవి మా ఇంటి నుంచి వచ్చిన తెలుగు మాటలని. ఇంట్లో ఉత్తరాలు రాసేది నా భార్యే. రెండు మూడు నెలల్లో పదిహేడు వచ్చినాయి. నేను శుక్రవారం ఫోన్లో ఏమనాల? చదవలేదంటే, అంత వయసులో దిద్దింది ఇంతేనా అనుకుంటుందని, "మెసేజ్ చూసినా, బాగుంది" అనేవాణ్ణి. ప్రతి వారం బాగుందనే అన్నాను. 

మా గదిలో ఇంకొకాయన ఫోన్లో తెలుగు వస్తుంది. "నాకు పంపు, చదివి చెప్తా" అన్నాడు. మళ్ళీ అదే కథ. ఇంకొకరి నోట్లోంచి నా భార్య మాట వినడానికా నేను అట్టపెట్టెలు ఖరాబు చేసింది? పంపనన్నాను. అప్పుడే ఎవరో బలద్ సందుల్లో ఒక మొబైల్ షాపు సంగతి చెప్పినారు. మంచం పట్టేంత షాపు. హైదరాబాదు మనిషి, గడ్డం నున్నగా దువ్వుకోని, మెడలో భూతద్దం వేలాడేసుకోని కూర్చోనున్నాడు. నా ఫోన్ అటూ ఇటూ తిప్పి, "రూట్ జెయ్యాలె చిచ్చా" అన్నాడు. అదేంది అన్నాను. "నువ్వేం పని జేస్తవ్?" అన్నాడు. డ్రైవర్ అన్నాను. "కఫీల్ ఇంట్ల నీ చేతికి బండి తాళం ఉంటది, గేటు తాళం ఉంటది. లోపలి అర్రల తాళాలు ఉంటయా? ఉండయి. గీ ఫోన్‌కి గూడ నువ్వు డ్రైవర్‌వే. కొన్నది నువ్వే, గని మాలిక్ కంపెనీ. అక్షరాలు లోపలి అర్రల పెడ్తరు. రూట్ జేస్తే నువ్వే కఫీల్‌వి." ఏండ్ల తరబడి, పనికి పెట్టుకున్న అరబ్బు యజమాని, అదే కఫీల్, దయతో రెండేండ్లకోసారి ఈ దేశంలో ఉండే కార్డు రాయించుకోని బతికినవాణ్ణి, నన్ను కఫీల్‌ను చేస్తానన్న మనిషి ఈయనొక్కడే. నవ్వొచ్చింది.

నేను సంచిలోంచి నోటుబుక్కు తీసి ఇచ్చినాను. ఫోన్ ఏమన్నా అయితే మాటలు పోగూడదని, పదిహేడు మెసేజ్‌లూ చూసి చూసి కాగితం మీదికి ఎక్కించినాను, ఎన్ని గళ్ళో అన్ని గళ్ళు, ఎడం ఉన్నచోట ఎడం వదిలి. నాలుగు రోజులు పట్టింది. ఆయన పేజీలు తిప్పి, "ఇదేంది చిచ్చా, ఖబరస్తాన్ లెక్కుంది, అన్ని గోరీలే!" అన్నాడు. నేను విషయం చెప్తే నవ్వు ఆపేసినాడు. "అన్ని గళ్ళూ ఒక్కటే చిచ్చా. పెట్టె బొమ్మ గీస్తే పెట్టెలున్నది వస్తదా? మాటలు ఫోన్ల సల్లగున్నయి, సూసేటందుకు దానికి కండ్లు లెవ్వు, గంతే." నాలుగు రోజులు బొమ్మలేసినందుకు సిగ్గేసింది గాని, మాటలు బతికే ఉన్నాయన్న సంగతికి ప్రాణం లేచొచ్చింది.

అంతలోనే ఇంకో మాట అన్నాడు. ముందు బయటి తాళం తీయాల, అది తీస్తే ఫోన్ లోపల ఉన్నదంతా తనే తుడిచేసుకుంటుంది, దొంగ చేతికి చిక్కినా ఏమీ దక్కగూడదని. "మెసేజ్‌లు నా కంప్యూటర్ల పెడ్త, అయినంక మల్ల ఎక్కిస్త" అన్నాడు. "నీ కంప్యూటర్లో కనపడతాయా?" అంటే, "కనబడ్తయి. నేనైతే సూడను" అన్నాడు. అబద్ధమాడే మొహం కాదు. అయినా నా మనసొప్పలేదు. ఆయన నా మొహం చూసి, సొరుగులోంచి గోరంత మెమరీ కార్డు తీసి, మెసేజ్‌లు దాంట్లోకి దించి, కార్డు నా చేతిలో పెట్టినాడు. జేబురుమాలు కొసన ముడేసుకున్నాను.

ఫోన్‌ను తీగతో కంప్యూటర్‌కు తగిలిస్తే నల్లటి కిటికీ ఒకటి తెరుచుకుంది. అందులో తెల్ల అక్షరాలు, అంకెలేసిన పట్టీ. ఒకటి నొక్కితే ఇది, రెండు నొక్కితే అది. ఈయన అంకె నొక్కడం, అది తనకుతానే గడగడా వరుసలు రాసుకుంటా పోవడం. నేను మెడ చాచి చూస్తాండాను. "ఇదంతా నువ్వే రాసినావా?" అన్నాను. "నేనేమన్న ఇంజనీర్‌నా చిచ్చా? ఏ దేశంలనో ఎవడో కూసొని రాసి, ఊకెనే ఇచ్చిండు. మనది అంకె ఒత్తుడే." ఆ రాసిన మనిషి ఎవరో, ఎట్లా ఉంటాడో అని ఇప్పటికీ అనుకుంటాను. తెలుగనే భాష ఒకటుందని ఆయనకు తెలిసుండదు. ఆయన తాళంచెవి ఒకటి చేసి బజార్లో పెట్టినాడు. దాంతో కడప జిల్లా మనిషి ఒకడు పెండ్లాం మాట చదువుకుంటాడని ఆయన కలగన్నాడా?

ఫోన్ తెర మీద ఆకుపచ్చ మరబొమ్మ ఒకటి వెల్లకిలా పడుకోని కనపడింది, కడుపు తలుపు తెరుచుకోని ఉంది. సరిగ్గా అప్పుడే సాయంత్రం అసర్ నమాజుకు అజాన్. అప్పట్లో నమాజు వేళకు షాపులన్నీ మూయాల్సిందే. "నడుమ తీగ గుంజితే ఇటుకే అయితది, ఇంక లేవది. గట్లనే ఉండనియ్యి" అని ఆయన నన్ను బయటికి తోసి షట్టర్ దించినాడు. మసీదులో వరుసలో నిలబడ్డాను. అల్లా మన్నించాల, సజ్దాలో తల నేలకు ఆనితే నాకు కనపడింది ఆ మరబొమ్మ కడుపే. కరెంటు పోతే? ఎలుకేదన్నా తీగ కొరికితే? నమాజు ముగించి సలాం తిప్పగానే పక్కన షాపాయన, "దువా జేసినవా చిచ్చా?" అన్నాడు. "దానికే" అన్నాను.

షట్టర్ ఎత్తి చూస్తే ఫోన్ మీద కంపెనీ బొమ్మ వెలుగుతా ఆరుతా ఉంది. వెలుగుతా ఆరుతా, అంతే. ఆయన టీ తెప్పించినాడు. "మొదటిసారి లేటయితది" అన్నాడు గాని, గడ్డం దువ్వుకోవడం మానేసినాడు. టీ చల్లారిపోయినాక ఫోన్ లేచింది. ఇంకో అంకె నొక్కి అక్షరాలు లోపలి గదిలో పెట్టినాడు. రుమాలు ముడి విప్పి కార్డు ఇచ్చినాను. మెసేజ్‌లు తిరిగి ఎక్కించి, తెర కేసి చూడకుండానే ఫోన్ నా వైపు తిప్పి, ఆయన స్టూలు మీద గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఆ ఒక్క పనికి ఆయన్ను నేను చచ్చేదాకా మరచిపోను.

మొదటివన్నీ మామూలే. వానొచ్చింది, మిరపకాయలు తడిసినాయి, చిన్న మరదలికి నెలలు నిండినాయి. ఆరోది ఇట్లా ఉంది: "కార్డు మళ్ళీ రాయించుకోవద్దు. రెండేండ్లు రెండేండ్లు అని సగం బతుకు పోయింది. వచ్చేయ్. అందరి ముందర అడగలేను. ఇది చదివుంటే శుక్రవారం ఫోన్లో రెండుసార్లు దగ్గు." ఏడోది: "దగ్గలేదు." తొమ్మిదోది: "ఈ వారమూ దగ్గలేదు. బాగుందన్నావు. ఏం బాగుంది?" పదిహేడోది: "చదివే దగ్గలేదో, చదవనే లేదో. ఏదైనా చెప్పు." ఆ చిన్న షాపులో నేను కూర్చున్నచోటే కూర్చుండిపోయినాను. గోడవైపు నుంచి ఆయన, "అక్షరాలు సక్కగొచ్చినయా చిచ్చా?" అన్నాడు. వచ్చినాయన్నాను.

ఆ శుక్రవారం ఆమె వంతు వచ్చేదాకా ఓపికపట్టి, రెండుసార్లు దగ్గినాను. ముందు మా అమ్మ, "ఏసీ కింద పండుకోవద్దంటే వినవు గదరా!" అని తిట్టింది.  అప్పుడు నా భార్య గొంతు, "మందు తాగు" అనింది. నవ్వాపుకుంటాందని తెలిసింది.

దగ్గడమైతే దగ్గినాను. ఇంటికి పోయినానా అంటే, పోలేదు. కఫీల్ అప్పటికే కార్డు రాయించేసినాడు. రాయించకున్నా నేనే అడిగుండేవాణ్ణి, ఉన్న మాట చెప్పాల. "చదివినా. ఇంకొక్క రెండేండ్లు" అని నా జీవితంలో మొదటి తెలుగు మెసేజ్ కొట్టినాను, అరగంట పట్టింది. "సరే" అని వచ్చింది. ఆ ఒక్క రెండేండ్లు ఆరుసార్లు అయినాయి.

పాత ఫోన్ చార్జింగ్ పెట్టినాను, వెలగలేదు, బ్యాటరీ ఉబ్బిపోయింది. పోనీలే. నోటుబుక్కు ఉంది. ఎడమ పక్క పేజీలో గళ్ళు, కుడి పక్కన నేనే తర్వాత ఎక్కించుకున్న మాటలు. దాన్ని బట్టల నడుమ పెట్టినాను. నాకు ఖురూజ్ పడింది, ఇంక తిరిగి రానక్కర్లేని కాగితం. పోయిన శుక్రవారం కొత్త ఫోన్లో బొమ్మ చూస్తా మాట్లాడినప్పుడు ఆ సంగతి చెప్తే ఇల్లంతా ఒకటే అరుపులు. నా భార్య వెనక నిలబడి ఉంది. రెండుసార్లు దగ్గింది. "అక్కకు పడిశెం పట్టినట్టుంది" అనింది మా మరదలు. ఫోన్‌కు కండ్లు రావడానికి ఆ దినం ఒక పూట పట్టింది. చదివిన మాటకు జవాబుగా ఇంటిదోవ పట్టడానికి నాకు పన్నెండేండ్లు పట్టింది.