గొట్టానికి చుట్టిన చీర

చాలా ఏళ్ళుగా ఒక పాత చీర ముక్క నా గుండె మీద ఉంది. పలచటిదే. మోయలేకపోతున్నాను. నాకు అంకెలు తప్ప అక్షరాలు రావు. నేను చెబుతుంటే పక్కింటావిడ రాసిపెడుతోంది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

పరిశోధన చేసేవాళ్ళు మా డాబా మీద గాలి పీల్చే గొట్టం ఒకటి, కింద వసారాలో ఆ గాలిని కొలిచే పెట్టె పెట్టారు. నేల దగ్గరి గాలిలో ఓజోన్ ఎంతుందో ఉపగ్రహం పైనుంచి చూస్తుందట. అది సరిగా చూస్తోందో లేదో ఈ పెట్టెతో పోల్చుకుంటారట. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు అది మన మీదుగా వెళ్తుందని, ఆ వేళకు మా ఆయన తల దువ్వుకుని మరీ పెట్టె ముందు కూర్చునేవారు. అంకె చూసి పుస్తకంలో రాసేవారు. ఆ కాసేపూ నన్ను గిన్నె చప్పుడు కూడా చేయనిచ్చేవారు కాదు. ఇప్పుడు ఎంత చప్పుడు చేసుకున్నా అడిగేవారు లేరు.

ఒక వేసవిలో డాబా మీద చాపలు పరిచి మామిడి తాండ్ర పోశాను. కాకులు వాలకుండా పైన పాత చీర పందిరిలా కట్టి, ఒక కొస గొట్టం మూతికి చుట్టాను. మూతికి ఏదీ అడ్డం పెట్టొద్దని ముందే చెప్పారు. పలచటి చీరే కదా, గాలి పోదా అనుకున్నాను.

తాండ్ర ఎత్తేసి, చీర కూడా విప్పేశాక, పుస్తకం చూడటానికి పరిశోధన చేసే అమ్మాయి వచ్చింది.

"బాబాయ్ గారూ, ఈ రెండు నెలలూ మీ అంకెలు బాగా తక్కువున్నాయండి. పైనుంచి చూస్తే అంత తక్కువ లేదు. పెట్టె బాగానే ఉంది మరి."

"అయితే నా కళ్ళే పోయాయంటావా అమ్మా? ఏమే, నువ్వు చెప్పు."

ఆ అమ్మాయికి తాండ్ర ముక్క పెడుతున్నాను. చీర సంగతి అప్పుడే వెలిగింది.

"ఏమోనండి. మొన్న పులుసులో మిరపకాయని ములక్కాడనుకుని నమిలిందెవరు?" అన్నాను.

ఇద్దరూ నవ్వారు. ఆ అమ్మాయి ఆ పేజీలన్నీ అడ్డంగా కొట్టేసింది.

ఎందుకలా అన్నాను? తిడతారనా? ఆయన నన్ను ఎన్నడూ తిట్టిన మనిషి కాదు. పెట్టె తీసుకుపోతే ఆయనకు ఆ ముచ్చట పోతుందని భయపడ్డాననుకుంటూ వచ్చాను. అదీ నిజం కాదేమో. చదువుకున్న పిల్ల ముందు నా తెలివితక్కువతనం బయటపడటం ఇష్టం లేకపోయింది. అంతే.

ఆయన కొవ్వూరు వెళ్ళి కళ్ళజోడు మార్పించుకున్నారు. నేను మళ్ళీ గొట్టం జోలికి పోలేదు. అంకెలు కుదిరాయి. కొత్త జోడు పుణ్యమే అన్నారు అందరూ, ఆయన కూడా. కానీ అప్పటినుంచి రాసే ముందు ప్రతిసారీ నన్ను పిలిచేవారు. "ఇది ఏడేనంటావా?" పోయేదాకా అలాగే అడిగారు.

పెట్టె తీసుకెళ్ళిపోయారు. పుస్తకం నా దగ్గరే ఉంది. కొట్టేసిన పేజీల మీద వేలు పెట్టి అంకెలు చదువుకుంటాను. ఏడు ఏడే. ఒకటి ఒకటే. ఆయన ఒక్కటీ తప్పు చూడలేదు. గొట్టానికి చీర చుట్టింది నేను.