ఫరీదాబాద్ బండెక్కిన రాజమండ్రి

ఆ రోజుల్లో నోయిడాలో ఆఫీసు క్యాబ్ ఎక్కి ఆర్.కె. పురంలో మా బాబాయి క్వార్టర్‌కి చేరడమంటే నాకు రోజూ పెళ్లికెళ్తున్నంత సంబరంగా ఉండేది. క్యాబ్ గొప్పతనం కాదు లెండి. టెస్టింగ్‌లో పనిచేసే అమ్మాయి ఒకావిడ (ఊరి పేరుతో రాజమండ్రి అనే పిలిచేవాళ్లం) అదే బండిలో వచ్చి సరోజినీ నగర్‌లో దిగేది. దారంతా ఆవిడ మాట్లాడేది, నేను తలూపేవాణ్ణి. (ఇష్టమని చెప్పడానికి ఇంకా మంచిరోజు కుదరలేదన్నమాట!)

ఇంతలో ఆవిడకి పుణె బదిలీ అయింది. శుక్రవారమే ఆఖరి రోజు. ఇవాళ క్యాబ్‌లో చెప్పకపోతే ఇక ఇంతే అని గట్టిగా అనుకున్నాను. సరిగ్గా ఆ రోజే నేను రాసిన క్యాబ్ బుకింగ్ సర్వీసు మొదలైంది. అందులో ప్రతి మెసేజూ రెండు హ్యాండ్లర్ల (అంటే రెండు ప్రోగ్రాం ముక్కల) చేతులు మారుతుంది. మొదటిది పంపినవాళ్ల పేరు చూస్తుంది, రెండోది ఆ పేరుని బట్టి క్యాబ్ నంబరిస్తుంది. మధ్యలో పేరు అందించుకోవడానికి ప్రతి మెసేజ్‌కీ కాంటెక్స్ట్ అని ఓ సొంత సంచీ ఉంటుంది. అయ్యగారు (అంటే నేనే) దాన్ని పక్కన పెట్టి, అందరికీ కలిపి ఒకే వేరియబుల్‌తో, అంటే ఒకే ఉమ్మడి సంచీతో, సరిపెట్టేశారు. "ఇద్దరు ఒకేసారి బుకింగ్ బటన్ నొక్కితే ఏమవుతుందండీ?" అని రాజమండ్రి ముందే అడిగింది. "అబ్బే, ఎవరు నొక్కుతారండీ!" అన్నాను దర్జాగా.

సాయంత్రం ఆఫీసంతా ఒకేసారి నొక్కింది. ఒకరి పేరు మీద ఇంకొకరి పేరు పడి, నంబర్లన్నీ తారుమారు. ఆవిడ కోసం నేను అట్టేపెట్టిన సీట్లో, ఫరీదాబాద్ వెళ్లాల్సిన అకౌంట్స్ అంకుల్ సమోసాల పొట్లంతో సహా వచ్చి కూర్చున్నారు. "నయా సిస్టమ్ హై బేటా, యహీ నంబర్ ఆయా." కొత్త సిస్టమ్ ఆయనకిచ్చిన నంబరు ఇదేనట. బండి కదిలిపోయింది. కాసేపటికి ఫోన్ మోగింది.

"ఏమండీ, మీ సర్వీసు పుణ్యమా అని బదర్‌పూర్ చూస్తున్నాను," రాజమండ్రి నవ్వుతోంది. "ఇది ఫరీదాబాద్ బండట. కాళింది కుంజ్ దాకా దారొకటేగా, గమనించలేదు."

"సారీ అండీ, బగ్."

"అది తెలుస్తూనే ఉంది. ఇంకేమైనా చెప్పాలా?"

పక్కన అంకుల్ చెవులు రిక్కించి, "కిస్ కా ఫోన్ హై?" అని ఫోనెవరిదో ఆరా తీస్తూ ముసిముసిగా నవ్వుతున్నారు. ఆయన ముందు ఆ మాట ఎలా అనను, సిగ్గు కాదూ! "ఏం లేదండీ, జాగ్రత్తగా వెళ్లండి," అన్నాను. "అచ్ఛా," అని పెట్టేసింది. మర్నాడు రైలెక్కేసింది. ఆ తర్వాత ఫోన్ చేసే ధైర్యం నాకు రానేలేదు.

సోమవారం బుద్ధిగా పేరుని కాంటెక్స్ట్‌లోకి మార్చాను. మధ్యాహ్నం అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే అంకుల్ నిలబడి విని, "యే కౌన్ సీ భాషా హై బేటా? ఏక్ శబ్ద్ సమఝ్ నహీ ఆతా," అన్నారు. ఇదేం భాషో, ఆయనకి ఒక్క ముక్కా అర్థం కాలేదట. అమ్మకి మళ్లీ చేస్తానని చెప్పి రిసీవర్ పెట్టేశాను.

ఇప్పటికీ అప్పటి నాలోని కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, వెంటనే తిట్టాలనిపిస్తుంది. చెప్పేయొచ్చు కదరా సన్నాసీ, ఆ బండి మొత్తానికి తెలుగు తెలిసినవాడివి నువ్వొక్కడివే!