టవాలు కిందికి రాని చెయ్యి

మా ఆయన ఉన్నప్పుడు పొద్దున ఐదింటికి లేచి రెండు గ్లాసుల కాఫీ కలిపేదాన్ని. ఒకటి ఆయనకు, ఒకటి ఎదురింటి నుంచి వచ్చే మా బావకు. అన్నదమ్ములిద్దరూ అరుగు మీద కూర్చుని పత్తి ధరలు మాట్లాడుకునేవాళ్లు. ఇప్పుడూ ఐదింటికే లేస్తున్నాను. కాఫీ కలపడం లేదు. ఒక సంచి చంకన పెట్టుకుని, నా కూతురు సాయిసుధ స్కూటీ వెనక కూర్చుని, ఎమ్మిగనూరు రోడ్డులో ఉచ్చీరప్ప చేనుకు పోతున్నాను. వేరుశనగ పీకేసిన చేను అది. సుధ గోల్ఫ్ కర్రతో తెల్లటి బంతులు కొడుతుంది. నేను ఏరుకొస్తాను. యాభై బంతులు, నాలుగు విడతలు.

ఈ ఆట మా ఇంటికి ఎట్లా వచ్చిందో చెప్పాలంటే, మా ఆయన రామకృష్ణయ్య పదకొండో దినం నుంచి మొదలుపెట్టాలి. కోయంబత్తూరు మిల్లు ఒకదానికి ఆదోనిలో పత్తి కొనిపెట్టే ఏజెన్సీ ఆయనది. ఇరవై ఏళ్లు నిలబెట్టుకున్న పేరు అది. ఆ రోజు నేను మూలగదిలో చాప మీద ఉన్నాను. తలుపుకు అవతల మా బావ నాగేశయ్య ఆ మిల్లు యజమాని నాయుడుగారితో ఫోనులో మాట్లాడుతున్నాడు.

"ఆ ఇంట్లో ఇంక మాట్లాడనీకి మగోళ్లు ఎవురూ లేరు నాయుడుగారూ. ఈపొద్దు నుంచి అన్నీ నేనే సూసుకుంటా."

అప్పటికి పిండాలు పెట్టిన విస్తరి కూడా తీయలేదు.

సుధ బీకాం చదివి ఐదేళ్లు వాళ్ల నాయన దగ్గరే అంగట్లో కూర్చుంది. దూదిని రెండు వేళ్ల మధ్య లాగి పోగు పొడవు చెప్పేస్తుంది. ఆ ఏజెన్సీ నేను చేస్తాను పెదనాయనా అని అడగడానికి మార్కెట్ యార్డుకు పోయింది. యార్డులో కంప్యూటర్లు వచ్చినా, బయటి బేరాలు కొన్ని ఇంకా పాత పద్ధతిలోనే జరుగుతాయి. ఇద్దరూ ఒక టవాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. పక్కవాడికి తెలియదు. మా బావ ఐదుగురు వ్యాపారుల ముందర భుజం మీది టవాలు తీసి పరిచాడు.

"రా తల్లీ, పెట్టు సెయ్యి. ఎవురి సెయ్యి పట్టుకుంటావో నువ్వే సూసుకో."

అందరూ నవ్వారు. సుధ ఇంటికొచ్చి మొహం కడుక్కుని, మళ్లీ కడుక్కుంది. ఏం జరిగిందో రెండు రోజులకు గానీ చెప్పలేదు. విన్నాక నేను ఏడవలేదు. ఏడుపు మా ఆయనకు పోగా మిగల్లేదు. మిగిలింది వేరే.

సుధతో చదివిన గాయత్రి ఎమ్మిగనూరు మగ్గాల వాళ్ల పిల్ల. బెంగళూరులో బట్టల కంపెనీలో పనిచేస్తుంది. సెలవుకు వచ్చి సంగతంతా విన్నది.

"మా ఆఫీసులో పెద్దోళ్ల మాటలన్నీ గోల్ఫ్ గ్రౌండులోనే అయితాయి పిల్లా. నేను గూడా ఆడదాన్నని మూలకు కూసోబెట్టినారు. ఆట నేర్చుకోని వాళ్ల పక్కన నడిచినాక పేరు పెట్టి పిలుస్తాండారు. మీ నాయుడుగారూ ఆడతాడు. ఆడ టవాలు లేదు, నాలుగు గంటలు పక్కన నడిసేదే."

ఆమె పాత కర్రలే సుధకు ఇచ్చింది. శనివారం శనివారం రైలెక్కి సుధ బెంగళూరులో ఆడవాళ్ల బ్యాచికి పోయేది. మిగతా రోజులు ఈ చేను. మొదట్లో కర్ర గాలిలో తిరిగేది, బంతి ఉన్నచోటే ఉండేది. గట్టు మీద ఉచ్చీరప్ప పుల్లతో పళ్లు తోముకుంటూ చూసేవాడు.

"అమ్మా, ఇవి ఏ కోడి గుడ్లు? కొట్టినా పగలవు, పొదిగినా పిల్లలు కావు."

"నీ సేన్లో మొలుస్తాయేమో సూడప్పా" అనేది సుధ. నలుగురు చూస్తుంటే తల వంచుకునే పిల్ల అది. బంతి తగలకపోయినా తల ఎత్తి మళ్లీ నిలబడటం ఆ చేనులోనే నేర్చుకుంది.

మా బావకూ తెలిసింది. "కట్టె పట్టుకోని సేన్లో తిరుగుతాంటే గొర్రెలు కాసేదనుకుంటారు, పెండ్లి కావల్సిన పిల్ల" అన్నాడు. నేనేమీ అనలేదు. నేను అనకపోవడం ఆయనకు అలవాటు. ఆ అలవాటుతోనే రెండేళ్లుగా మిల్లు వాళ్లు వచ్చినప్పుడల్లా భోజనానికి మా ఇంటికే తీసుకొస్తున్నాడు. నా చేతి భక్ష్యాలంటే వాళ్లకు ఇష్టం. మా ఆయన పని లాక్కున్నవాడి అతిథులకు నేను నెయ్యి వేసి వడ్డించాను. వాళ్ల విస్తర్లూ నేనే ఎత్తాను.

మొన్న ఫిబ్రవరిలో బెంగళూరులో మిల్లుల వాళ్ల గోల్ఫ్ పోటీ జరిగింది. గాయత్రి కంపెనీ జట్టులో సుధకూ చోటు దొరికింది. నలుగురి గుంపులో ఒకరు నాయుడుగారు. సుధ ఆట ఏమంత బాగా ఆడలేదంట. రెండు బంతులు చెరువు పాలు. ఒకచోట ఎండుటాకుల మీద కాలు పెడితే బంతి కదిలింది. ఎవరూ చూడలేదు. సుధే చెప్పి తనకు శిక్షగా ఒక దెబ్బ ఎక్కువ రాయించుకుంది.

నాయుడుగారు పక్కన నడుస్తూ, "మీ నాయన పోయినాక ఆదోని పత్తి బరువెక్కిందమ్మా" అన్నారంట.

"పెదనాయన బరువు కోసం పత్తికి నీళ్లు సల్లిస్తాండాడని సెప్పినావా?" అని అడిగాను ఇంటికి రాగానే.

"సెప్పలేదు మా. వచ్చి బేలు కోసి మీరే సూడండి అన్నా. బేస్తవారం వస్తారంట. సక్కగా పెదనాయన గోడౌనుకే వస్తారు, నన్నూ రమ్మన్నారు."

నాకు నచ్చలేదు. పేరు పెట్టి చెప్పి ఉండాల్సింది.

బుధవారం సాయంత్రం మా బావ గుమ్మంలోకి వచ్చాడు. "రేపు కోయంబత్తూరోళ్లు వస్తాండారు లక్ష్మీదేవీ. ఎనిమిది మంది. భక్ష్యాలు సెయ్." నేను తల ఊపాను. వాళ్లు ఎందుకు వస్తున్నారో నేను చెప్పలేదు.

గురువారం పదకొండింటికి సుధతో నేనూ గోడౌనుకు పోయాను. నన్ను చూసి మా బావ మొహం చిట్లించాడు. నాయుడుగారు నాకు నమస్కారం చేసి, సుధ వైపు తిరిగి ఏ బేలు అని అడిగారు. సుధ గోడవారన ఉన్న పత్తి మూటను చూపించింది. కట్లు తెంచారు. ఆయన మోచేతి దాకా చెయ్యి దూర్చి, తీసి, అరచెయ్యి చూసుకుని రుమాలుతో తుడుచుకున్నారు.

"వాన తగిలింటాది నాయుడుగారూ" అన్నాడు మా బావ.

"మాఘమాసంలోనా పెదనాయనా?" అంది సుధ. గొంతు పెంచలేదు.

నాయుడుగారు ఇంకొకటి కోయమన్నారు. ఈ సీజను నుంచి పత్తి ఈ అమ్మాయి చూసి పంపితేనే ఎక్కిస్తామని, మా బావ మొహం చూడకుండానే అన్నారు. మా బావ భుజం మీది టవాలు సర్దుకుని నా దగ్గరకొచ్చాడు. ఆయన గొంతు అంత మెత్తగా ఉండటం నేను ఎప్పుడూ వినలేదు.

"అమ్మా, నువ్వు పోయి ఆకులెయ్యి. అన్నం తింటే అన్నీ సర్దుకుంటాయి."

"భక్ష్యాలకు శనగబేడలు నానెయ్యలేదు బావా" అన్నాను, నలుగురికీ వినపడేట్టు. "పొయ్యే ముట్టియ్యలేదు."

నేను ఇంటికి పోలేదు. కొంగు నడుముకు చుట్టుకుని, రెండో బేలు కట్లు తెంచేది చూడటానికి సుధ పక్కన నిలబడ్డాను.