బాలిరెడ్డిగారి కుడిచెయ్యి

ఎండకు కాగిన టార్పాలిన్ వాసన తగిలితే చాలు, ఇప్పటికీ నా నోరు ఎండిపోతుంది. మొన్న పక్కింటి పెళ్లికి డేరా వేస్తుంటే కిటికీ మూసుకుని కూర్చున్నాను. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో మా ఆఫీసు అలాంటి డేరాలోనే నడిచేది. ఇరవై రెండేళ్లప్పుడు ఆత్మకూరు నుంచి వచ్చి అక్కడ టైపిస్టుగా చేరాను. తాత్కాలిక ఉద్యోగం, అమ్మకూ నాకూ అదే ఆధారం. పదిహేనో ఏటి నుంచి నాకు మూర్ఛలు. "ఎవురికీ చెప్పొద్దు పాపా. తెలిస్తే ఆ పొద్దే ఇంటికి పంపిస్తారు" అని బస్సెక్కిస్తూ కూడా అమ్మ హెచ్చరించింది. మూర్ఛ వచ్చేముందు ఎడమ బొటనవేలు తిమ్మిరెక్కేది. టైపు కొడుతున్నంతసేపూ నా ప్రాణం ఆ వేలి మీదే ఉండేది.

మా సూపరింటెండెంటు బాలిరెడ్డిగారు కడప వైపు మనిషి, యాభై దాటినవారు. కుడిచెయ్యి ఎప్పుడూ కోటు జేబులోనే. దర్జా కాబోలు అనుకునేదాన్ని. సంతకాలు మాత్రం మేమంతా భోజనాలకు వెళ్లాక చేసేవారు.

ఒక వేసవి మధ్యాహ్నం వేలు తిమ్మిరెక్కింది. బయటికి పోదామని లేచాను, అంతవరకే గుర్తుంది. కళ్లు తెరిచేసరికి నేల మీద ఉన్నాను. తల కింద బాలిరెడ్డిగారి కోటు మడిచి పెట్టి ఉంది. మిగతావాళ్లంతా దూరంగా నిలబడి చూస్తున్నారు. ఆయనొక్కరే కుడిచేతిని తొడకింద అదిమిపెట్టుకుని నా పక్కన కూర్చున్నారు.

"లేయొద్దమ్మా. కొంచేపు అట్లే పండుకో."

"నా ఉద్యోగం పోతుందా సార్?" అన్నాను. ఆయన ఎడమచేత్తో నీళ్ల గ్లాసు నా వైపు జరిపారు.

మర్నాడు పై అధికారి మా ఇద్దరినీ పిలిపించారు. "ఈ అమ్మాయికి ఇక్కడ ఏదన్నా జరిగితే ఎవరు జవాబు చెప్పాలి? తీసేయండి" అన్నారు, నా వైపు చూడకుండానే.

"పనిలో తప్పేమన్నా ఉండాదా సార్?" అన్నారు బాలిరెడ్డిగారు.

"పని సంగతి కాదయ్యా. జబ్బు మనుషులతో ఆఫీసు నడుస్తుందా?"

బాలిరెడ్డిగారు కుడిచేతిని జేబులోంచి తీసి బల్ల మీద పెట్టారు. అది గడగడా వణుకుతోంది. పక్కనున్న సిరాబుడ్డి మూత టకటకలాడింది.

"మూడేండ్లుగా ఇట్లే ఉండాది సార్. ఈ చేత్తోనే నడిపిస్తాండా మీ ఆఫీసు. పంపేదుంటే ఇద్దరినీ పంపండి."

డాక్టరు కాగితం తెచ్చుకునే షరతు మీద నన్ను ఉంచారు. రెండు నెలలకు ఆయన్ను వైద్య పరీక్షకు పంపి, పనికి తగరని తేల్చి, ఇంటికి పంపేశారు.

కర్నూలు పక్కనే కల్లూరులో ఉన్న ఆయన అద్దె ఇంటికి వెళ్లాను. భార్య గ్లాసు పట్టుకుంటే కాఫీ తాగుతున్నారు. "నా వల్లే కదా సార్" అని ఏడ్చాను.

"నీ వల్ల గాదు తల్లీ. యా పొద్దు ఎవురు చూస్తారోనని మూడేండ్లు దినామూ సచ్చినా. ఇప్పుడూ భయమే, ఇల్లెట్ల గడుస్తాదోనని. అయితే దాచిపెట్టే పని తప్పింది."

ఆ తర్వాత ముప్పై ఏళ్లలో చాలా ఆఫీసులు మారాను. ప్రతిచోటా కుర్చీలో కూర్చోకముందే అధికారి దగ్గరికి వెళ్లి, నాకు మూర్ఛలున్నాయని, వస్తే ఏం చెయ్యాలో కూడా చెప్పేదాన్ని. ఒకచోట వద్దని వెనక్కి పంపారు. తర్వాతి చోట కూడా ముందే చెప్పాను.